ఈసీజీ నార్మల్ అన్నారు, మరి మందు కొట్టిన రాత్రి ఆ దడ ఏమిటి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర పల్లె. ఎకరన్నర మామిడి తోపు ఉంది. మా ఆయనకు నలభై ఒకటి. మా తోపుకే కాకుండా చుట్టుపక్కల ఊళ్లలో కూలికి పురుగు మందు కొట్టడానికి పోతారు. ఇప్పుడు పూత సమయం కదా, నెలన్నరగా దాదాపు రోజూ ఏదో ఒక తోపులో పిచికారీ గన్ను పట్టుకునే ఉన్నారు. పోయిన నెల ఒక సాయంత్రం ఇంటికొచ్చి వాకిట్లో మంచం మీద కూలబడ్డారు. ఒళ్లంతా చెమట. గుండె దడదడ కొట్టుకుంటోందనీ, మధ్యలో ఆగి ఆగి కొడుతోందనీ అన్నారు. రెండుసార్లు వాంతి అయింది. కళ్లు మసకగా ఉన్నాయన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి గ్యాస్‌కు ఒకటి, వాంతికి ఒకటి సూది వేసి పోయినాడు. మా అత్త మజ్జిగ తాపింది. తెల్లారేసరికి లేచి మళ్లీ పనికి పోయారు. వారం తర్వాత నేను పోరు పెట్టి చిత్తూరు తీసుకుపోయి ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు, టెన్షన్ పడొద్దన్నారు. కానీ మందు కొట్టిన రాత్రుల్లో ఆయనకు నిద్ర పట్టదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు. అడిగితే ‘మందు ఎక్కింది, అందరికీ ఎక్కేదే’ అంటారు. పురుగు మందు వల్ల గుండె లయ తప్పుతుందా? ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టేనా? పని మానేయమంటే పిల్లల ఫీజులు ఎవరు కడతారంటారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, పూతలపట్టు మండలం

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు, తప్పుతుంది. రెండోదానికి జవాబు, ఈసీజీ తీసిన ఆ పది సెకన్లు గుండె బాగుందని మాత్రమే అర్థం. మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది సుమారు పది సెకన్ల కొట్టుకోవడమే. మంగళవారం రాత్రి తోపులో దొంగలు పడితే, పై మంగళవారం పగలు పోయి చూసి ‘ఎవరూ లేరే’ అన్నట్టు ఉంటుంది. తీసినవాళ్లది తప్పని అనను. వాళ్లకు దొరికిన పది సెకన్లలో అది నార్మలే.

ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పేయడం నాకు ఇష్టం ఉండదు. కానీ మీరు రాసినదాంట్లో ఒక వరస ఉంది. పగలంతా మందు కొట్టారు, సాయంత్రానికి చెమట, వాంతి, చూపు మసక, గుండె దడ, ఆగి ఆగి కొట్టుకోవడం. ఇందులో ఏ ఒక్కటి విడిగా వచ్చినా వంద కారణాలు వెతకొచ్చు. అన్నీ ఒకే సాయంత్రం, అదీ గన్ను దింపిన కొన్ని గంటల్లో వస్తే, నేను మొదట అడిగేది ఆ రోజు ట్యాంకులో ఏం కలిపారని. మీ ఉత్తరంలో లేనిది అదొక్కటే. ఈ రోజే ఆయన్ని అడిగి, ఆ డబ్బాల లేబుళ్లు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. మందుతోపాటు ఇచ్చే కాగితంలో ‘విరుగుడు’ అని ఒక లైను ఉంటుంది. అక్కడ ‘అట్రోపిన్’ అని ఉంటే నేను ఇక్కడ రాసేదంతా మీ ఆయనకు వర్తిస్తుంది.

మామిడి పూతకు తేనె మంచు పురుగు పడుతుందని మన దగ్గర కొట్టేవాటిలో ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్, డైమిథోయేట్ లాంటివి ఉంటాయి. వీటిని ఆర్గానోఫాస్ఫేట్లు అంటారు. మిథోమిల్, కార్బోఫ్యూరాన్ లాంటివి కార్బమేట్లు. పేర్లు వేరైనా ఒంట్లో చేసే పని ఒకటే. పురుగును చంపే దారీ, మనిషిని పడగొట్టే దారీ కూడా ఒకటే.

ఆ దారి ఏమిటో చెబుతాను, మీ ఆయనకు కూడా చదివి వినిపించండి. బోరు మోటారు స్టార్టరుకు రెండు బొత్తాలు ఉంటాయి కదా, పచ్చది నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. మన నరాలు కండరాలకీ, గ్రంథులకీ, గుండెకీ ఆజ్ఞలు పంపేటప్పుడు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పచ్చ బొత్తం పని చేస్తుంది. పని అయిపోగానే కోలినెస్టరేస్ అనే ఎంజైము దాన్ని విరిచేసి ఎర్ర బొత్తం నొక్కుతుంది. ఈ మందులు పట్టుకునేది ఆ ఎర్ర బొత్తాన్నే. అది పనిచేయకపోతే మోటారు ఆడుతూనే ఉంటుంది. చెమట గ్రంథులు ఆగవు, నోట్లో ఊట ఆగదు, కడుపు మెలిపెడుతుంది, కంటిపాప ముడుచుకుపోయి చూపు మసకబారుతుంది, కండరాలు వాటంతటవే అదురుతాయి.

గుండె సంగతి కొంచెం తిరకాసు. గుండెకు వేగం పెంచే నరాలున్నాయి, నెమ్మదింపజేసే వేగస్ అనే నరం ఉంది. ఈ రెండు దారుల్లోనూ ఎక్కడో ఒకచోట అసిటైల్‌కోలిన్ పని ఉంటుంది. అందుకే మొదట్లో కాసేపు గుండె పరుగెత్తవచ్చు. తర్వాత వేగస్ పట్టు బిగిసి బాగా నెమ్మదిస్తుంది, పై గదుల నుంచి కింది గదులకు కరెంటు అందడం ఆలస్యమవుతుంది, కొన్ని దెబ్బలు ఎగిరిపోతాయి. ‘ఆగి ఆగి కొడుతోంది’ అని మీ ఆయన చెప్పింది ఇదే కావచ్చు. ఈ రెండు దశల తర్వాత మూడో దశ ఒకటి ఉందని 1982లోనే ఇజ్రాయెల్ వైద్యులు రాశారు. ఆ మూడోదే నాకు భయం.

ఒక్కో దెబ్బ కొట్టాక గుండె కింది గదులు మళ్లీ చార్జి అవ్వడానికి కొంత సమయం పడుతుంది. ఈసీజీ మీద దాన్ని క్యూటీ అని కొలుస్తారు. వేగాన్ని బట్టి సరిచేసి రాస్తే క్యూటీసీ. మగవాళ్లలో ఇది 450 మిల్లీ సెకన్ల లోపు ఉండాలి. 500 దాటితే ప్రమాదం. చార్జి అవకముందే మరో దెబ్బ పడితే గుండె కొట్టుకోవడం మానేసి గిలగిల వణుకుతుంది. మనిషి నిలుచున్నచోటే పడిపోతాడు. తనంతట సర్దుకుంటే ‘కళ్లు తిరిగి పడ్డాడు’ అంటారు, సర్దుకోకపోతే ‘హార్ట్ ఎటాక్’ అంటారు. ఈ క్యూటీ సాగడం మందు కొట్టిన రోజునే రావాలని లేదు, విషం తగిలిన కొన్ని రోజుల వరకూ రావచ్చు. ఆ సాయంత్రం అంత జరిగాక మర్నాడే మళ్లీ గన్ను పట్టుకున్నారు చూడండి, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన మాట అదే.

ఇంకొకటి. ఆ రాత్రి వేసిన సూదులు. మీ ఊరి డాక్టరును నేను తప్పుపట్టడం లేదు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయనొక్కడే. కానీ వాంతికి సాధారణంగా వేసే ఒండాన్‌సెట్రాన్ క్యూటీని కొంచెం సాగదీస్తుంది. గ్యాస్‌కని రాసే మాత్రల్లో పాంటాప్రజోల్‌తో కలిపి డోంపెరిడోన్ ఉంటుంది, అదీ అంతే. గొంతు నొప్పికి ఇచ్చే అజిత్రోమైసిన్ కూడా ఆ జాబితాలోదే. మామూలు మనిషికి ఇవి ఏమీ చేయవు, నేనూ రాస్తాను. కానీ ఎర్ర బొత్తం ముందే పట్టేసి ఉన్నవాడికి, ఎండలో చెమటతో, వాంతులతో ఒంట్లో పొటాషియం తగ్గిపోయి ఉన్నవాడికి, ఆ ‘కొంచెం’ కొంచెం కాదు. కాబట్టి ఏ డాక్టరు వచ్చినా నాడి పట్టుకోకముందే మీరు చెప్పాల్సిన మాట, ‘ఈయన ఈ రోజు మందు కొట్టొచ్చారు, ఇదిగో డబ్బా’. మన భాషతో ఒక చిక్కు ఉంది. జబ్బుకు వేసుకునేదీ మందే, చెట్టుకు కొట్టేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే. ‘మందు కొట్టారు’ అంటే చాలామంది డాక్టర్లు మూడోదే అనుకుంటారు. పురుగు మందు అని విడమరిచి చెప్పండి. మూడోది కూడా ఉంటే దాచకండి, సారాయి ఒక్కటే కూడా గుండె లయను తప్పించగలదు.

నా వైపు తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందటి మాట. డ్యూటీ డాక్టరుగా కొత్త. ఫిబ్రవరి నెల, రాత్రి ఎనిమిదింటికి ముప్పై ఏళ్ల మనిషిని ఆటోలో తెచ్చారు. ‘హార్ట్ ఎటాక్ సార్’ అన్నాడు వెంట వచ్చిన బామ్మర్ది. నాడి నలభై నాలుగు. ఒళ్లంతా చల్లటి చెమట. నేను ఈసీజీ తీశాను, అర్థం కాక మళ్లీ తీశాను, పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. ఇంతలో మా సిస్టరమ్మ ఒకావిడ మంచం దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చి, ‘సార్, ఈయన చొక్కా వాసన చూడండి’ అంది. వెల్లుల్లి, కిరసనాయిలు కలిసినట్టు ఘాటు. టార్చి వేస్తే కంటిపాపలు రెండూ ఆవగింజల్లా ఉన్నాయి. అర గంటగా నేను గీతలు చూసుకుంటూ కూర్చుంటే, ఆ తడి చొక్కా ఆయన ఒంట్లోకి విషం దించుతూనే ఉంది. ఆవిడే కత్తెరతో చొక్కా, బనియను కోసి పడేసి, సబ్బు నీళ్లతో చంకలు, మెడ, జుట్టు కడిగింది. నేను అట్రోపిన్ మొదలుపెట్టాను. ఆయన బతికాడు. అప్పటి నుంచి ఎవరైనా దడ అని వస్తే, జనవరి నుంచి మార్చి దాకా, స్టెతస్కోపు కంటే ముందు చొక్కా చూస్తాను.

ఎందుకు చొక్కా అంటున్నానంటే, మందు ముక్కులోంచి పోతుందని మనవాళ్ల నమ్మకం. తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోయిందనుకుంటారు. నిజానికి కొట్టేవాళ్ల ఒంట్లోకి ఎక్కువగా పోయేది చర్మం గుండా. మిరపకో వేరుశనగకో కొట్టేటప్పుడు గన్ను కిందికి ఉంటుంది, పడినా కాళ్ల మీద పడుతుంది. మామిడికి గన్ను ఆకాశం వైపు ఎత్తాలి. కొట్టిందంతా ఆకులకు తగిలి తుంపరై నెత్తిమీదకే దిగుతుంది. గన్ను మూత దగ్గర కారే మందు ముంజేతి మీదుగా మోచేతికి, మోచేతి నుంచి చంకలోకి పోతుంది. మెడకు చుట్టుకున్న తువ్వాలు ఒక గంటలో నానిపోతుంది, ఇక అది ముక్కుకు అడ్డం కాదు, విషంలో ముంచి కట్టిన కట్టు. లుంగీ తడిస్తే ఇంకా చేటు. ఒంటి మీద అన్ని చోట్లకంటే గజ్జల దగ్గర చర్మమే మందును బాగా పీల్చుకుంటుంది. ముంజేతి చర్మానికీ దానికీ పోలికే లేదు. ఎండకు చెమట పట్టిన చర్మం ఇంకా తొందరగా పీలుస్తుంది.

మరి అత్తగారి మజ్జిగ? ప్రేమతో ఇచ్చారు, ఎండన పడి వచ్చినవాడికి మజ్జిగ మంచిదే. కానీ చర్మంలోంచి పోయినదాన్ని మజ్జిగ కడగలేదు. మజ్జిగ కంటే ముందు బక్కెట నీళ్లు, సబ్బు. వాంతి అవుతున్నవాడికీ, మగతగా ఉన్నవాడికీ అసలు ఏదీ తాపకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

‘అందరికీ ఎక్కేదే’ అన్న మాటకు వస్తాను. అందరికీ ఎక్కుతుంది, నిజమే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయారు. వాళ్లూ ముందు రోజుల్లో ‘ఎక్కింది’ అనే అనుకుని ఉంటారు. అలాగని ఒక్కసారి తల తిరిగినవాడల్లా పోతాడని నేను బెదిరించడం లేదు. ఎక్కువ మందికి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే, తగ్గిందనిపించడం వేరు, ఎంజైము తిరిగి రావడం వేరు.

ఇది బాకీ లెక్క. ఆర్గానోఫాస్ఫేటు ఒకసారి ఎంజైమును పట్టేస్తే ఒళ్లు కొత్తది తయారు చేసుకోవాలి. ఎర్ర రక్త కణాల్లో ఉండే ఎంజైము రోజుకు సుమారు ఒక శాతం చొప్పున మాత్రమే తిరిగి వస్తుంది, ఎందుకంటే పాత కణాలు పోయి కొత్తవి రావాలి, ఒక కణం ఆయుష్షు 120 రోజులు. ఈ రోజు ఇరవై శాతం పోగొట్టుకున్నవాడు మూడు రోజులకు మళ్లీ తోపులోకి దిగితే పాత బాకీ అలాగే ఉంది, పైన కొత్తది. మీ తోపు వరకైతే సీజనుకు మూడు నాలుగుసార్లు కొడతారేమో. మీ ఆయన ఊరందరి తోపులూ కొడుతున్నారు. ప్రతి తోపు యజమానికీ పిచికారీకీ పిచికారీకీ మధ్య పదిహేను రోజుల ఎడం ఉంటుంది, గన్ను పట్టుకున్న మనిషికి ఉండదు. ఒక రోజు మామూలుగా కొట్టినంత మందుకే హఠాత్తుగా పడిపోయేవాళ్లు చాలావరకు ఇలా బాకీ పడ్డవాళ్లే.

ఆ బాకీ ఎంతో చెప్పే రక్త పరీక్ష ఉంది. కోలినెస్టరేస్ పరీక్ష అంటారు. రెండు రకాలు: ప్లాస్మాలోది, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలోది, ఎర్ర కణాల్లోది. ప్లాస్మాది ఈ మధ్య తగిలినదాన్ని చూపి కొన్ని వారాల్లో కోలుకుంటుంది. ఎర్ర కణాలది నెలల లెక్క చెబుతుంది. రెండూ చేయించగలిగితే మంచిది, ఒకటే కుదిరితే అదైనా చాలు. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది రిపోర్టు చూసి మోసపోయేది అక్కడే. ఈ ఎంజైము మనిషి మనిషికీ బాగా తేడాగా ఉంటుంది. ల్యాబు కాగితంలో ‘నార్మల్’ గీతల మధ్యనే ఉన్నా, మీ ఆయన సొంత లెక్కలో అది సగానికి పడిపోయి ఉండొచ్చు. అందుకే మందు ముట్టని రోజుల్లో ఒకసారి చేయించి ఆ అంకె రాసి పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో 1974 నుంచి పొలాల్లో ఈ మందులు కలిపే, కొట్టే పనివాళ్లకు ఇలాగే చేస్తున్నారు. సొంత అంకెలో ఎర్ర కణాలది 70 శాతానికో, ప్లాస్మాది 60 శాతానికో పడితే పని ఆపేయిస్తారు, తిరిగి 80 శాతానికి వచ్చేదాకా మందు దగ్గరికి రానివ్వరు. మన దగ్గర అలా ఆపేవాళ్లు లేరు కాబట్టి ఆ పని మీరు చేయాలి.

మీ ఆయనకు ఇప్పుడు చేయిస్తే వచ్చేది సీజను మధ్యలో అంకె. సొంత అంకె తెలియాలంటే మామిడి కోతలన్నీ అయ్యాక, మందు ముట్టకుండా మూడు నాలుగు నెలలు గడిచాక మళ్లీ చేయించాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెడితే ఎంత పోయిందో తెలుస్తుంది. ఈ వారంలోనే మొదటిది చేయించండి. ఊరి ల్యాబులో కాకపోతే చిత్తూరు, తిరుపతిలోని పెద్ద ల్యాబులు రక్తం తీసుకుని పంపుతాయి.

గుండె వైపు చేయించాల్సినవి వేరే ఉన్నాయి. తిరుపతి స్విమ్స్‌లో గుండె విభాగం ఉంది, మీకు రాయవేలూరు దగ్గరనిపిస్తే అక్కడికైనా వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా ‘ఈసీజీలో క్యూటీసీ ఎంత ఉంది’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. హోల్టర్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఛాతీకి తగిలించి ఇంటికి పంపుతారు, ఇరవై నాలుగు గంటలూ ప్రతి దెబ్బా రాసుకుంటుంది. రాత్రుల్లో వచ్చే దడకు అదే సరైన పరీక్ష. ఎకో, అంటే గుండె స్కానింగు, ఒకసారి తీయించండి, చిన్నప్పుడు కీళ్ల వాతం వచ్చి వాల్వు దెబ్బతిన్నవాళ్లకు కూడా నలభైల్లో ఇలాగే లయ తప్పుతుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొటాషియం, షుగరు. బీడీలు తాగుతారా, రోజుకు ఎన్ని టీలు, ఇవి కూడా చెప్పండి. అన్ని దడలనూ మందు ఖాతాలో రాసేసి అసలు జబ్బును వదిలేయకూడదు. ఒక ఆనవాలు మాత్రం గుర్తు పెట్టుకోండి. మందు ముట్టని మూడు నాలుగు వారాలు దడ లేకుండా పోయి, మళ్లీ కొట్టిన రోజునే వస్తే అది మందుదే. కొట్టినా మానినా వస్తుంటే కారణం వేరే చోట వెతకాలి.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది, ఖర్చు లేనిది. ఆయన మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్లు పెట్టి ఫోన్లో ఒక నిమిషం చూసుకుంటూ నాడి లెక్కపెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. రోకటి పోటులా వరసగా పడుతోందా, మధ్యలో ఎగిరిపోతోందా గమనించండి. క్యాలెండర్లో ఆ తేదీ గడిలో అంకె వేసి, ఆ రోజు ఏ మందు కొట్టారో పక్కన రాయండి. పది రోజుల అలాంటి క్యాలెండరు తెస్తే గుండె డాక్టరు అరగంట అడిగే ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.

మళ్లీ ఆ సాయంత్రం లాంటిది వస్తే మాత్రం ఆర్‌ఎంపీ కోసం చూడొద్దు. నాడి యాభైకి దిగినా, చెమటతో నూట ఇరవై దాటినా, కంటిపాప ఆవగింజంత అయినా, నోట్లో నురగలాగా ఊట, గురగుర ఊపిరి, కండరాలు అదరడం, మాట తడబడటం, కళ్లు తిరిగి పడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు బట్టలన్నీ తీసేయండి, మీ చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, జుట్టు, చెవుల వెనక, గోళ్ల సందులు, చంకలు, గజ్జలు సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. డబ్బాగానీ లేబులు ఫొటోగానీ వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో తేరుకున్నా ఆ రాత్రే ఇంటికి పోతామని పట్టుబట్టకండి. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ కండరాలు పట్టు తప్పుతాయి, దిండు మీద నుంచి తల ఎత్తలేరు, తర్వాత ఊపిరి అందదు. బాగైపోయాడని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఇబ్బందిపడేది ఇక్కడే.

ఇక అసలు ప్రశ్న, పని. మీ ఆయన స్థానంలో ఉండి ఫీజులు కట్టాల్సిన అవసరం నాకు లేదు, కాబట్టి ‘మానేయండి’ అని తేలిగ్గా రాసేయడానికి నాకు మనసు రాదు. కానీ ఈ సీజను మటుకు గన్ను దింపమని ఖచ్చితంగా చెబుతాను. కనీసం రక్త పరీక్ష, హోల్టర్ చేతికి వచ్చేదాకా. గన్ను బదులు మందు కలిపే పనికి మారతానంటే ఒప్పుకోకండి, డబ్బాలోని చిక్కటి మందు ఒక గరిటెడు చేతిమీద పడటం రోజంతా తుంపరలో తడవడం కంటే ఘోరం. పైపు లాగే పని కూడా వద్దు, చెట్టు కింద నిలబడేది వాళ్లే. కాయలకు కవర్లు తొడిగే పని, కొమ్మలు కత్తిరించే పని, కోతల పని, ట్రాక్టరు తోలడం, ఇలాంటివి తోపుల్లోనే ఉన్నాయి. కూలి తగ్గుతుంది, నిజమే. గన్ను కూలి ఎక్కువ ఎందుకిస్తున్నారో ఒకసారి ఆలోచించమనండి.

వచ్చే ఏడు పరీక్షలు బాగుండి, తప్పనిసరై మళ్లీ పట్టుకుంటే, వారానికి రెండు రోజులకు మించి వద్దు. నా లెక్క అది. తెల్లవారు జామున మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేయాలి. గాలి వీపుకు ఉండాలి. చెట్టు కింద నిలబడకుండా దూరం నుంచి కొట్టాలి. రబ్బరు చేతి తొడుగులు, వాటి అంచు చొక్కా చేతుల లోపలికి పోకుండా పైకి ఉండాలి, లేకపోతే గన్ను ఎత్తినప్పుడు కారిన మందు చొక్కా చేతిలోకే పోయి చెయ్యి అందులో నానుతుంది. చేతులు ఎత్తి కొట్టేటప్పుడు తొడుగు అంచును మడిచి కాలువలా చేస్తే కారినది అక్కడే ఆగుతుంది. లుంగీ బదులు ప్యాంటు, దానిమీద ప్లాస్టిక్ గుడ్డ. తోపులోనే ఒక క్యాను మంచి నీళ్లు, సబ్బు, వేరే జత బట్టలు పెట్టుకుని, అక్కడే కడుక్కుని మార్చుకుని ఇంటికి రావాలి. లేబులు మీద ముక్కోణం ఎరుపో పసుపో ఉంటే, అంటే విషం ఎక్కువైతే, తోపు యజమానిని అడగమనండి, నీలమో ఆకుపచ్చో దొరకదా అని. ఒకే ట్యాంకులో మూడు మందులు కలపమనే యజమానికి ‘నా వల్ల కాదు’ అనమనండి. ఈ మాట చెప్పడం కూలి మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. నలుగురు గన్నుల వాళ్లు కలిసి చెబితే కొంచెం సులువు.

మీ సంగతి మీరు రాయలేదు. ఆ బట్టలు ఉతికేది మీరే కదా. పిల్లల బట్టల్లో కలపకండి, తొడుగులు వేసుకుని విడిగా ఉతకండి, ఉతికిన నీళ్లు బోరు దగ్గరా, ఆవుల తొట్టి దగ్గరా పోయకండి.

ఒకటి మర్చిపోయాను. చిత్తూరులో తీసిన ఆ నార్మల్ ఈసీజీని పారేయకండి. దడ లేని రోజు మీ ఆయన గుండె ఎలా ఉంటుందో చెప్పే కాగితం అది, రేపు ఏ రాత్రైనా ఇంకొకటి తీస్తే పక్కన పెట్టి చూడటానికి డాక్టరుకు కావాల్సింది అదే. ఆ నున్నటి కాగితం మీద గీతలు ఎండకూ వేడికీ కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. ఈ రోజే జిరాక్సు తీయించి, ఒక ఫొటో మీ ఫోన్లోనూ పెట్టుకోండి.